గేటు దగ్గర ‘పో’ అనే అధికారం ఎవరిది? చిత్తూరు, తిరుపతి కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్లకు,

నమస్కారం.

ప్రభుత్వ కార్యాలయానికి వచ్చిన మనిషిని గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపే అధికారం సెక్యూరిటీ సిబ్బందికి ఎంతవరకు ఉందో ఉత్తర్వుగా రాయండి. రాసి, ఆ ఉత్తర్వును ప్రతి గేటుకూ అతికించండి. ఈ లేఖలో నేను అడిగేది ఇదే. నేను చూసిన ఏ గేటు దగ్గరా అట్లాంటి కాగితం లేదు. అది లేకపోయేసరికి ఆ పూట డ్యూటీలో ఎవరుంటే వాళ్ళు చెప్పిందే చట్టమైపోతోంది.

చిత్తూరులో ఒక ప్రభుత్వ ఆఫీసుకు ఎదురుగా నాకు జిరాక్స్ అంగడి ఉంది. అర్జీలు టైపు చేస్తాను, ఫారాలు నింపిస్తాను, పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాను. ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను. అక్కడ జరిగేదే మిగతా చోట్లా జరుగుతోందని తిరుపతి నుంచి, పలమనేరు నుంచి వచ్చేవాళ్ళు నా అంగడిలో కూర్చుని చెప్పుకుంటూనే ఉంటారు. గోడ లోపలి సంగతి నాకు పూర్తిగా తెలియదు. గేటు దగ్గర జరిగేది మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా కళ్ళ ముందే జరుగుతుంది.

కుప్పం నుంచి చిత్తూరు సుమారు వంద కిలోమీటర్లు. అక్కడి నుంచి పొద్దున్నే బస్సెక్కి, పాస్‌బుక్కు, ఆధార్, పాత రసీదులు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని ఒక పెద్దాయన వస్తాడు. “ఏం పని మీద వచ్చినావు?” అని గార్డు అడుగుతాడు. పెద్దాయన తన సర్వే నంబరు చెబుతాడు. “అది కాదు, ఏ సెక్షను? ఏ సారును చూడాల? సారు రమ్మన్నాడా?” ఆ ప్రశ్నలకు ఆయన దగ్గర జవాబు లేదు. ఆయనకు తెలిసిందల్లా తన పొలం, దాని నంబరు. “సోమవారం రా పెద్దాయనా” అంటాడు గార్డు. గుడిపాల, నగరి వైపు నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి తమిళం, వి.కోట వైపు వాళ్ళకు కన్నడం బాగా వస్తాయి. కంగారులో తెలుగు మాట సరిగ్గా రాకపోతే వాళ్ళకు ఆ సోమవారం మాట కూడా పూర్తిగా చెప్పరు, చేత్తో బయటికి చూపిస్తారు. అదే గేటు దగ్గర కారు దిగి ఫోన్ మాట్లాడుకుంటూ వచ్చేవాళ్ళను ఏ సెక్షను అని అడగడం నేను చూడలేదు.

సోమవారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్పందన అన్నా, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నా, సోమవారం అర్జీలు తీసుకోవడం జనానికి అదనంగా ఇచ్చిన సౌకర్యం. పై అధికారి స్వయంగా కూర్చుని వినే రోజు అది. మిగతా రోజుల్లో ఆఫీసుకు రాకూడదని దానికి అర్థం లేదు. కానీ గేటు దగ్గర దాన్ని అట్లాగే వాడుతున్నారు. సర్టిఫికెట్ తీసుకోవాల్సినవాడు, నోటీసు అందుకుని విచారణకు వచ్చినవాడు, పెట్టిన అర్జీ ఏమైందో కనుక్కోవాలని వచ్చినవాడు, అందరికీ ఒకటే మాట, సోమవారం. సోమవారం వస్తే ఆ క్యూలో అతని పని కొత్త అర్జీ అవుతుంది, కొత్త నంబరు పడుతుంది, పాతది పాతచోటే ఉంటుంది.

సెక్యూరిటీ వద్దని నేననడం లేదు. చిత్తూరు వాళ్ళం మేము ఆ మాట అనలేం. 2015 నవంబరు 17న మా నగరపాలక సంస్థ కార్యాలయంలోనే మేయర్ కటారి అనురాధను కాల్చి చంపారు. ఆమె భర్త మోహన్ మీదా అక్కడే దాడి చేశారు, ఆయనా బతకలేదు. చంపినవాళ్ళు వేషం మార్చుకుని మామూలు జనంలా లోపలికి వచ్చారు. 2019 నవంబరు 4న హైదరాబాద్ శివార్లలోని అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారును ఆమె గదిలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆ తర్వాత కర్నూలు జిల్లా పత్తికొండలో తహసీల్దారు తన గదిలో అడ్డంగా తాడు కట్టించుకుని, అర్జీదారులు తాడుకు అవతలే నిలబడాలన్నారు. ఆ ఫోటో పేపర్లో చూసినప్పుడు నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆ భయం నిజమైనది.

కాబట్టి సంచి చూడండి. సీసా మూత తీసి వాసన చూడండి. మెటల్ డిటెక్టర్ పెట్టండి. పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయించుకోండి. ఆడవాళ్ళను ఆడవాళ్ళే తనిఖీ చేసేట్టు చూడండి. వీటిలో ఏదీ తప్పు కాదు, జనం కూడా గొణక్కుండా ఒప్పుకుంటున్నారు. నా అభ్యంతరం ఆ తర్వాతి అడుగు గురించి. సంచిలో ఏముందో చూసే పని వేరు, ఈ మనిషికి లోపల పని ఉందా లేదా అని తీర్పు చెప్పే పని వేరు. మొదటిది గార్డుది. రెండోది గార్డుది కాదు, ఎప్పుడూ కాదు. పెట్రోలు సీసా తెచ్చేవాణ్ని ఆపడానికి పెట్టిన మనిషి, పాస్‌బుక్కు తెచ్చుకున్నవాణ్ని ఆపుతున్నాడు. అన్ని ప్రమాదాలూ గేటు దాటి వచ్చే జనం వల్లే రావు కూడా. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో రికార్డులు కాలిపోయాయి. అది అర్జీదారులు వచ్చే వేళ కాదు.

ఇప్పుడు చట్టం సంగతి. మన ఆఫీసుల గేట్ల దగ్గర రకరకాల మనుషులుంటారు. తుపాకీతో ఉండే పోలీసు, హోంగార్డు, ఏజెన్సీ ద్వారా వచ్చిన సెక్యూరిటీ గార్డు, లోపల అధికారి తలుపు దగ్గర దఫేదారో అటెండరో. జనానికి వీళ్ళందరూ ఒకటే. ఖాకీ రంగు దగ్గరగా ఉందంటే పోలీసనే అనుకుంటారు. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం, 2005లోని సెక్షన్ 21 ప్రకారం ఏజెన్సీ గార్డు పోలీసు దుస్తుల్లాంటివి వేసుకుంటే అతనికీ, ఏజెన్సీ యజమానికీ ఏడాది దాకా జైలు గానీ, రూ. 5,000 దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. సెక్షన్ 17 ప్రకారం ప్రతి గార్డుకూ ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఇవ్వాలి. మా గేటు దగ్గర కార్డు వేసుకున్న గార్డును చూసిన గుర్తు నాకు లేదు.

ఏజెన్సీ గార్డుకు పోలీసు అధికారాలు లేవు. ఎవరినైనా పట్టుకోవాలంటే మామూలు పౌరుడికి ఉన్న అధికారమే అతనికీ ఉంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 40 ప్రకారం, బెయిలు దొరకని, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం కళ్ళ ముందు జరిగితే, లేదా ఆ మనిషి కోర్టు ప్రకటించిన నేరస్థుడైతే పట్టుకోవచ్చు. పట్టుకుంటే ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. అంతే. ఇక గేటు దగ్గర అతను వాడే అధికారమంతా ఆ ఆఫీసు అధిపతిది. ఆవరణను క్రమంలో ఉంచే బాధ్యత అధిపతిది, గార్డు ఆయన తరఫున నిలబడిన మనిషి. అధిపతి ఇవ్వని అధికారం గార్డుకు రాదు. ఆ అధిపతి కూడా తన సొంత ఇంటి గుమ్మంలో నిలబడి లేడు. చట్టం ముందు అందరూ సమానమని చెప్పే రాజ్యాంగంలోని 14వ అధికరణం ఆయన్ను కట్టేసి ఉంచుతుంది. ఒకణ్ని పంపి ఇంకొకణ్ని ఆపితే కారణం ఉండాలి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ఇంకా స్పష్టంగా ఉంది: ప్రభుత్వ సంస్థ తీసుకున్న పాలనా నిర్ణయానికి కారణాలు దాని వల్ల ప్రభావితమైన మనిషికి చెప్పాలి. గేటు దగ్గర ఆపేయడం కంటే నేరుగా తగిలే నిర్ణయం ఇంకేముంటుంది?

చాలా ఆఫీసుల గోడ మీద ఒక ఫ్లెక్సీ ఉంటుంది. ‘ఉద్యోగుల విధులకు ఆటంకం కలిగిస్తే సెక్షన్ 353 కింద కఠిన చర్యలు’ అని. ఆ నంబరు పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ)ది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది సెక్షన్ 132. నంబరు ఏదైనా, ఆ సెక్షను పడాలంటే దాడి గానీ బలప్రయోగం గానీ జరగాలి. గొంతు పెంచి అడగడం దాడి కాదు. “నా ఫైలు ఎక్కడుంది?” అని రెండోసారి అడగడం బలప్రయోగం కాదు. అక్రమ ప్రవేశం సెక్షను 329లో కూడా నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలని రాసి ఉంది. సొంత పని మీద పగటిపూట ఆఫీసుకు వచ్చినవాడికి ఆ ఉద్దేశం ఎట్లా అంటగడతారు? అదే సంహితలో సెక్షన్ 126 ఉంది. హక్కుగా పోగలిగిన దారిలో ఒక మనిషిని పోకుండా కావాలని అడ్డుకుంటే నెల దాకా సాధారణ జైలు, లేదా రూ. 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షను కింద గార్డుల మీద కేసులు పెట్టాలని నేను కోరుకోవడం లేదు. కానీ ఫ్లెక్సీ కొట్టించేవాళ్ళకు ఒక వైపు సెక్షన్లే కనబడుతున్నాయి.

ఇంతవరకు చెప్పింది ఒక్కో పూటకు ఒక్కో మనిషిని ఆపడం గురించి. నన్ను ఈ లేఖ రాయించింది ఇంకోటి: ఒక మనిషిని శాశ్వతంగా రానివ్వకపోవడం.

పడమటి మండలాల నుంచి ఒక కుర్రాడు నా అంగడికి అర్జీలు టైపు చేయించుకోవడానికి వచ్చేవాడు. రీసర్వేలో వాళ్ళ నాన్న భూమీ, చిన్నాన్న భూమీ కలిపి ఒకే ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో ఒక్కో భూమి ముక్కకు ఇచ్చే నంబరు) కింద చూపించారు. విడదీయమని అడగడమే అతని పని. ఒక రోజు లోపల అతనికీ, ఒక ఉద్యోగికీ మాటామాటా పెరిగింది. కుర్రాడు ఫోన్ తీసి వీడియో తీశాడు. గార్డు వెళ్ళి అతన్ని బయటికి తీసుకొచ్చాడు. అంతవరకు తప్పుపట్టను, గొడవ ముదరకుండా చూడటం గార్డు పనే. తర్వాతి వారం అతను మళ్ళీ వచ్చాడు. గేటు దగ్గర గార్డు తన ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. సీసీ కెమెరాలోంచి తీసిన ఫోటో, ఈ కుర్రాడిదే. కింద ‘ఇతన్ని లోపలికి పంపొద్దు’ అని మెసేజి.

“ఎవరు పెట్టినారన్నా?”

“గ్రూపులో వచ్చింది.”

“ఎన్నాళ్ళు?”

“తెలీదు.”

“ఎవర్ని అడగాల?”

“లోపల అడగాల.”

“లోపలికి ఎట్ల పోయేది?”

గార్డు జవాబు చెప్పలేదు. చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. అతనూ నా అంగడిలో టీ తాగే మనిషే, నన్ను అక్కా అని పిలుస్తాడు. ఆ రోజు మధ్యాహ్నం వచ్చి “నేనేం చేసేదక్కా, పంపితే నా ఉద్యోగం పోతుంది” అన్నాడు. అది నిజమే.

కుర్రాడు రిజిస్టర్డ్ పోస్టులో సమాచార హక్కు అర్జీ పెట్టాడు. నన్ను లోపలికి రానివ్వకూడదని ఇచ్చిన ఉత్తర్వు కాపీ ఇవ్వండి, అది ఎవరు ఇచ్చారో, ఏ నిబంధన కింద ఇచ్చారో చెప్పండి అని. జవాబు వచ్చింది. అటువంటి ఉత్తర్వు ఏదీ ఈ కార్యాలయంలో లేదు అని సంతకం, స్టాంపుతో సహా. ఆ కాగితం నేనే జిరాక్స్ తీసిచ్చాను. అతను దాన్ని తీసుకుపోయి గార్డుకు చూపించాడు. గార్డు మొదటి నుంచి చివరి దాకా చదివి, “కాగితంలో లేదు సరే, గ్రూపులో ఉంది కదా” అన్నాడు.

ఈ మధ్యలో భూమి విచారణకు నోటీసు వచ్చింది. కొడుకును గేటు బయట ఆపేశారు, తండ్రి ఒక్కడే లోపలికి పోయాడు. ఆయనకు చదువు రాదు. లోపల ఏదో చదివి వినిపించారు, వేలిముద్ర వేయించుకున్నారు. ఏం చదివారో ఆయన తిరిగి చెప్పలేకపోయాడు. బయటికొచ్చి నా అంగడి మెట్ల మీద కూర్చున్నాక కొడుకు అడిగిందే అడిగాడు, ఆయన “ఏమో నాయనా, సరేనన్నాను” అని మాత్రం అన్నాడు.

ఇది ఎవరి తప్పు? వీడియో తీయడం తప్పంటారా? తప్పయితే ఏ నిబంధన కింద తప్పో చెప్పాలి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం పేరు చెప్పి భయపెడతారు గానీ, ఆ చట్టం చెప్పే ‘నిషేధిత స్థలం’ నిర్వచనంలోకి పోలీస్ స్టేషన్ కూడా రాదని 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పింది. అది మన హైకోర్టు తీర్పు కాదు, కానీ చట్టం దేశమంతటికీ ఒకటే. మీ ఆఫీసుల్లో వీడియో వద్దనుకుంటే, మిగతా అర్జీదారుల వివరాలు బయటపడతాయన్న కారణం ఉంటే, ఆ కారణం రాసి బోర్డు పెట్టండి. జనం పాటిస్తారు. బోర్డు లేని నిబంధన కింద, రాయని ఉత్తర్వుతో, గడువు లేని శిక్ష వేయడం మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

కోర్టును చూడండి. క్రిమినల్ కోర్టు హాలు అందరికీ తెరిచి ఉండే చోటని నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 366 చెబుతుంది, పట్టినంతమంది వచ్చి కూర్చోవచ్చు. ఫలానా మనిషి ఉండకూడదనుకుంటే న్యాయమూర్తి ఆదేశించాలి. హాలు బయట నిలబడే కానిస్టేబుల్ తనంతట తాను ఆ నిర్ణయం తీసుకోలేడు. హత్య కేసు నడిచే గదికి ఉన్న పద్ధతి, అడంగల్ కాపీ ఇచ్చే ఆఫీసుకు ఎందుకు ఉండకూడదు?

గార్డుల వైపు నుంచి కూడా చెప్పాలి. వాళ్ళు ఎండలో నిలబడే మనుషులు, కొన్నిచోట్ల కూర్చోవడానికి కుర్చీ కూడా ఉండదు. పంపితే లోపలివాళ్ళు తిడతారు, పంపకపోతే జనం తిడతారు. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం కొత్త గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల ఫీల్డు శిక్షణ ఉండాలి. గుంపును అదుపు చేయడం, గుర్తింపు పత్రాలు పరిశీలించడం, జనంతో ఎట్లా నడుచుకోవాలన్నది అందులో ఉన్నాయి. మీ ఆఫీసులకు మనుషులను పంపే ఏజెన్సీలు ఈ శిక్షణ ఇచ్చాయా అని ఒక్కసారి కాగితాలు అడిగి చూడండి. గేటు దగ్గరి పని చిన్నది కాదు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కేంద్రాల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. గేటు ఎప్పుడు తీయాలి, ఎట్లా తీయాలి, ఎవరు చెబితే తీయాలి అన్నది ప్రాణాల మీదికి వచ్చే సంగతని మన జిల్లాల వాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. రాతపూర్వకమైన ఉత్తర్వు ఉంటే ముందుగా కాపాడేది గార్డునే. “నా చేతిలో లేదు, ఇదిగో చదవండి” అని వేలు చూపించగలడు.

మీరు ఇచ్చే ఉత్తర్వులో ఏముండాలో నాకు తోచింది రాస్తాను. గార్డు ఎవరినీ పనిని బట్టి వెనక్కి పంపకూడదు. తనిఖీకి ఒప్పుకోనివాణ్ని, ప్రమాదకరమైన వస్తువు తెచ్చినవాణ్ని, తాగి గొడవ చేస్తున్నవాణ్ని ఆ పూటకు ఆపవచ్చు. ఆపినప్పుడు వెంటనే పేరున్న ఒక ఉద్యోగికి ఫోన్ చేయాలి, ఆ ఉద్యోగి గేటుకు రావాలి. ఆ ఉద్యోగి పేరు, హోదా, నంబరు బోర్డు మీద ఉండాలి. ఏ అధికారి ఏ వేళల్లో జనాన్ని కలుస్తారో కూడా అక్కడే రాయాలి, తెలుగుతో పాటు మా వైపు తమిళంలోనూ. ఆపిన ప్రతి మనిషికీ చీటీ ఇవ్వాలి. ఇన్‌వర్డ్ బల్ల ఒకటి గేటు దగ్గరే పెట్టండి, లోపలికి పోలేనివాడు కూడా కాగితం ఇచ్చి రసీదు తీసుకుపోతాడు. మూడు చక్రాల బండి మీద వచ్చేవాళ్ళను గేటు దగ్గరే ఆపి, పని కనుక్కోవడానికి తోడు వచ్చినవాణ్ని పంపే అలవాటు కూడా మానాలి.

ఒక మనిషిని ఒక పూట మించి రానివ్వకూడదనుకుంటే, ఆఫీసు అధిపతి సంతకంతో ఉత్తర్వు ఇవ్వాలి. అందులో ఏం జరిగిందో, ఎన్ని రోజులో, ఎవరికి అప్పీలు చేసుకోవాలో ఉండాలి. ఇచ్చేముందు ఆ మనిషి మాట వినాలి. ఆ గడువులోనూ అతని అర్జీ ఆగకూడదు, అతని విచారణకు అతను రాగలగాలి, కావాలంటే పక్కన కానిస్టేబుల్‌ను నిలబెట్టండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఫోటోలన్నీ ఆ రోజే తీసేయించండి.

గేటు చీటీ నమూనా ఒకటి టైపు చేసి ఈ లేఖతో జత చేశాను. తేదీ, సమయం, వచ్చినవారి పేరు, వచ్చిన పని, ఆపిన కారణం, ఆపమన్న అధికారి పేరు, గార్డు సంతకం. కార్బన్ పెట్టి రాస్తే ఒక ప్రతి జనానికి, ఒకటి ఆఫీసుకు. రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. రెండు జిల్లాల్లో ఒకేసారి కుదరదనుకుంటే ఏదైనా ఒక ఆఫీసులో మొదలుపెట్టండి. ఆ ఆఫీసుకు కావలసిన చీటీ పుస్తకాలు మొదటి ఏడాదంతా నేను ఉచితంగా ప్రింటు చేసి ఇస్తాను.

ఇట్లు,
జిరాక్స్ అంగడి నడిపే ఒక చిత్తూరు పౌరురాలు